అర్థం కావాలి, కానీ ఎవరికి? క్రైస్తవ ఆరాధన ప్రజల భాషలోకి వచ్చిన చరిత్ర



సైన్సు బోధించేవారు చరిత్ర గురించి, అందులోనూ ఒక మతానికి చెందిన ఆరాధన గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. దానికి కారణం ఉంది. తరగతి గదిలో మేము రోజూ ఎదుర్కొనే సమస్యే ఈ చరిత్రలో రెండు వేల ఏళ్లుగా కనిపిస్తుంది. ఒకచోట పుట్టిన భావాన్ని మరో కాలంలో, మరో భాషలో బతికే మనిషికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? చెప్పే క్రమంలో అది మరొకటిగా మారిపోకుండా ఎలా చూసుకోవాలి?

క్రైస్తవ సంఘాలు ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు జవాబులు చెప్పాయి. కొన్ని ఫలించాయి, కొన్ని గొడవలకు దారితీశాయి. వాటిని చరిత్ర విద్యార్థులుగా పరిశీలిద్దాం. మీరు ఏ మతానికి చెందినవారైనా, ఏ మతమూ లేనివారైనా ఈ పాఠం మీకు పనికివస్తుంది.

మాటను తెచ్చుకునే మూడు దారులు

ముందుగా మీకు తెలిసిన ఒక ఉదాహరణ తీసుకుందాం. గాలిలో మనం పీల్చుకునే వాయువుకు తెలుగులో ఎన్ని పేర్లున్నాయో గమనించండి. ఒకటి ఆక్సిజన్. ఇది పరాయి మాటను ఉన్నదున్నట్లు తెచ్చుకోవడం. రెండోది ఆమ్లజని. ఇది ఆ పరాయి మాటను విడదీసి, ముక్కకు ముక్క అనువదించడం. మూడోది ప్రాణవాయువు. ఇది మన జీవితంలో అప్పటికే ఉన్న ఒక భావం నుంచి పేరు తీసుకోవడం.

ఈ మూడింటిలో ఏది మంచిది? ఆక్సిజన్ అన్న మాటకు ప్రపంచమంతా ఒకటే అర్థం, కానీ మొదటిసారి విన్న పిల్లవాడికి అది వట్టి శబ్దం. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటిలో ఈ వాయువు ఉంటుందని లావోయిజర్ నమ్మి పెట్టిన పేరుకు అది నేరుగా అనువాదం. ఆ నమ్మకం తప్పు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810 నాటికి హంఫ్రీ డేవీ తేల్చాడు. మనం మాటతోపాటు ఆ తప్పునూ అనువదించుకున్నాం. ఇక ప్రాణవాయువు వినగానే అర్థమవుతుంది. అయితే అందులోని 'ప్రాణం' అన్న మాట యోగశాస్త్రంలోని భావాలను కూడా వెంట తెస్తుంది. మూడు దారుల్లోనూ కొంత లాభం, కొంత నష్టం ఉన్నాయి.

తెలుగు క్రైస్తవుల మాటల్లోనూ ఈ మూడు దారులే కనిపిస్తాయి. ఆమెన్, హల్లెలూయ అన్నవి హీబ్రూ మాటలు, ఉన్నవి ఉన్నట్లే వచ్చాయి. 'బాప్తిస్మము' గ్రీకు నుంచి వచ్చింది. 'సువార్త' అంటే మంచి కబురు, ఇది గ్రీకు మాటకు ముక్కకు ముక్క అనువాదం. ప్రొటెస్టంటు సంఘాలు బాప్తిస్మము అనేదాన్నే కథోలికులు జ్ఞానస్నానం అంటారు. అది మూడో దారి. ఈ మూడు దారులను గుర్తుంచుకోండి. ముందుకు వెళ్లే కొద్దీ మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

లాటిన్ కూడా ఒకప్పుడు వాడుక భాషే

యేసు మాట్లాడింది అరమాయిక్ భాష. ఆయన గురించి రాసిన సువార్తలు మనకు దక్కింది గ్రీకులో. అంటే క్రైస్తవానికి మూల గ్రంథాలే ఒక రకంగా అనువాదంతో మొదలయ్యాయి. అదీ పండితుల గ్రీకు కాదు. తూర్పు మధ్యధరా ప్రాంతంలో సంతల్లో, ఓడరేవుల్లో వినిపించిన వాడుక గ్రీకు.

రోము నగరంలోని తొలి క్రైస్తవులు కూడా గ్రీకులోనే ప్రార్థించారు. తరువాత అక్కడి విశ్వాసుల్లో లాటిన్ మాట్లాడేవారు పెరిగారు. నాలుగో శతాబ్దంలో ఆరాధన లాటిన్‌లోకి మారింది. 382 ప్రాంతంలో పోపు డమాసస్ కోరిక మీద జెరోమ్ అనే పండితుడు లాటిన్ బైబిలును సవరించే పని చేపట్టాడు. ఆ పనిలోంచి వచ్చిన బైబిలుకు 'వల్గేటు' అన్న పేరు స్థిరపడింది. దాని అర్థం ఏమిటో తెలుసా? సామాన్యంగా వాడుకలో ఉన్నది అని! తరువాతి కాలంలో పండితులకే అర్థమయ్యే భాషగా పేరుపడిన లాటిన్, చర్చిలోకి సామాన్యుడి భాషగానే అడుగుపెట్టింది.

మరి ఏం జరిగింది? భాష నిలవలేదు. మాట్లాడే లాటిన్ క్రమంగా ఇటాలియన్, ఫ్రెంచి, స్పానిష్ వంటి భాషలుగా మారిపోయింది. చర్చిలోని లాటిన్ మాత్రం అలాగే ఉండిపోయింది. 813లో ఫ్రాన్సులోని టూర్ పట్టణంలో బిషప్పుల సభ ఒక నిర్ణయం చేసింది. ప్రసంగాలను పల్లె జనం మాట్లాడే రోమన్ భాషలోకి గానీ, జర్మన్ భాషలోకి గానీ మార్చి చెప్పాలని ఆదేశించింది. అందరికీ అర్థం కావాలన్నదే కారణం. అప్పటికే వేదిక మీది భాషకు, కింద నిలబడిన వారి భాషకు మధ్య దూరం ఎంత పెరిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అదే శతాబ్దంలో, 863 ప్రాంతంలో, సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు మధ్య ఐరోపాలోని మొరావియాకు వెళ్లారు. అక్కడి స్లావ్ ప్రజల భాషకు లిపిని కూర్చి, ఆరాధనను ఆ భాషలో జరిపారు. దీనికి వ్యతిరేకత వచ్చింది. దేవుణ్ణి స్తుతించడానికి హీబ్రూ, గ్రీకు, లాటిన్ అనే మూడు భాషలే తగినవని కొందరు వాదించారు. యేసు శిలువ మీద పలక రాసింది ఆ మూడు భాషల్లోనే అన్నది వారి ఆధారం. ప్రజల భాషకు అర్హత ఉందా అన్న వాదం తెలుగువారికి కొత్త కాదు. గ్రాంథిక, వ్యావహారిక వాదాల్లో మనమూ విన్నాం.

ఒకరికి తెలిసిన భాష, మరొకరికి తెలియని భాష

16వ శతాబ్దంలో ఈ వివాదం ఐరోపాను చీల్చింది. 1522లో మార్టిన్ లూథర్ జర్మన్ భాషలో కొత్త నిబంధనను ప్రచురించాడు. 1549లో ఇంగ్లండ్‌లో ఇంగ్లీషు ప్రార్థనా గ్రంథం వచ్చింది. ఇక అందరికీ అర్థమవుతుందని పాలకులు భావించారు. కానీ అదే ఏడాది నైరుతి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్, డెవన్ ప్రాంతాల్లో తిరుగుబాటు లేచింది. కార్న్‌వాల్‌లో చాలామంది మాట్లాడేది కార్నిష్ భాష. తమలో కొందరికి ఇంగ్లీషే రాదని తిరుగుబాటుదారులు చెప్పుకున్నారు. లాటిన్ వారికి అర్థం కాకపోయినా, తాతల నాటి నుంచి వింటున్న ధ్వని. ఇంగ్లీషు మాత్రం రాజధాని నుంచి వచ్చిన ఆజ్ఞ. ఆ తిరుగుబాటును సైన్యంతో అణచివేశారు.

ఇక్కడ కొంచెం ఆగండి. ఈ సంఘటనలోనే మన పాఠానికి మూలమైన ప్రశ్న ఉంది. 'అర్థమయ్యే భాష' అంటే సరిపోదు, ఎవరికి అర్థమయ్యే భాష అని కూడా అడగాలి.

కథోలిక సంఘం మరో దారి పట్టింది. ట్రెంట్ మహాసభ 1562లో, ఆరాధనను అన్నిచోట్లా ప్రజల భాషలో జరపడం ప్రస్తుతానికి మంచిది కాదని నిర్ణయించింది. అయితే గురువులు దాని అర్థాన్ని తరచుగా వివరించాలని కూడా చెప్పింది. ఆ రోజుల్లో ప్రజల భాష అన్నది ఎదుటి పక్షపు నినాదం. పైగా దేశానికో అనువాదం వస్తే భావం చెదిరిపోతుందన్న భయమూ ఉంది. మనం ఆక్సిజన్ అన్న మాటను మార్చకుండా ఉంచుకోవడానికి చెప్పే కారణం లాంటిదే అది.

భారతదేశంలో తొలి ప్రయోగాలు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. కేరళలోని ప్రాచీన క్రైస్తవుల ఆరాధన శతాబ్దాల పాటు సిరియాక్ భాషలో సాగింది. అది యేసు మాట్లాడిన అరమాయిక్‌కు దగ్గరి చుట్టం. ఆ పవిత్రత కారణంగానే దాన్ని కాపాడుకున్నారు. కానీ ఇంట్లో మాట్లాడేది మలయాళం. సిరో మలబార్ సంఘంలో మలయాళ ఆరాధన క్రమం అమలులోకి వచ్చింది 1962లో.

పోర్చుగీసువారి కాలంలో 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ గోవాకు వచ్చాడు. తమిళ తీరంలోని పరవ జాలరుల కోసం కొద్దిమంది సాయంతో ప్రార్థనలను తమిళంలో పెట్టించి, బట్టీపట్టి చెప్పాడు. తరువాత ఒక పొరపాటు బయటపడింది. 'నేను నమ్ముతున్నాను' అనవలసిన చోట 'నాకు కావాలి' అన్న అర్థం వచ్చే మాట పడింది. దాన్ని దిద్దమని ఆయన తన సహచరుడికి ఉత్తరం రాశాడు. ఆ పల్లెల్లో అప్పటిదాకా విశ్వాస ప్రకటన ఒక కోరికల చిట్టాలాగా వినిపించి ఉంటుంది!

1549లో జేవియర్ జపాను వెళ్లాడు. అక్కడ దేవుడనే భావానికి 'దైనిచి' అన్న స్థానిక పదాన్ని వాడాడు. అది బౌద్ధంలో ఒక బుద్ధుడి పేరు. విన్నవారు ఇది బౌద్ధంలోనే మరో శాఖ కాబోలు అనుకున్నారు. సంగతి తెలిశాక ఆయన ఆ మాట మానేసి 'దేవుస్' అన్న లాటిన్ పదానికి తిరిగి వచ్చాడు. మూడో దారిలో నడిచి, ప్రమాదం చూసి, మొదటి దారికి మళ్లడమంటే ఇదే.

గోవా ప్రాంతంలో పనిచేసిన థామస్ స్టీఫెన్స్ అనే ఆంగ్లేయుడు ఇంకా ముందుకు వెళ్లాడు. బైబిలు కథను మరాఠీలో, ఓవీ ఛందస్సులో, పురాణం రూపంలో చెప్పాడు. ఆ 'క్రిస్తపురాణం' 1616లో అచ్చయింది. ఆయన మారిన క్రైస్తవులకు మాటలతోపాటు వారికి అలవాటైన వినికిడిని కూడా తిరిగి ఇచ్చాడు. పురాణం చదువుతుంటే చుట్టూ చేరి వినే అలవాటు వారికి ముందే ఉంది కదా.

1606లో మదురై చేరిన ఇటలీ దేశస్థుడు రాబర్టో డి నోబిలి తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకున్నాడు. అప్పటి మదురై నాయక రాజులు తెలుగువారన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన కాషాయం కట్టి, శాకాహారం తింటూ, సన్యాసిలా జీవించాడు. దేవుణ్ణి సర్వేశ్వరుడు అన్నాడు. ఈ మాట తెలుగు కథోలికుల ప్రార్థనల్లోనూ ఉంది. కొత్త క్రైస్తవులు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చా అన్న వివాదం రోము దాకా వెళ్లింది. 1623లో పోపు పదిహేనో గ్రెగరీ కొన్ని షరతులతో అనుమతించాడు.

కానీ దీనికి మరో వైపు ఉంది. అగ్రవర్ణాలకు అర్థమయ్యేలా మాట్లాడాలంటే వారి ఆచారాన్ని పాటించాలి. అది పాటిస్తే కింది కులాలవారితో కలిసి కూర్చోవడం కుదరదు. చివరికి 1640 నుంచి ఆ కులాల కోసం 'పండార స్వాములు' అనే వేరే గురువులను ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఒకరికి దగ్గరైన భాష ఇంకొకరిని దూరంగా నిలబెట్టింది.

తెలుగు నేలమీద

తెలుగులో బైబిలు అనువాదానికి పూనుకున్న తొలి వారిలో జర్మన్ లూథరన్ బెంజమిన్ షుల్జ్ ఒకడు. ఆయన అనువాదం అప్పట్లో అచ్చు కాలేదు. ఆయన పూనికతో 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చైన చిన్న పుస్తకాలను మన అచ్చు చరిత్రలో తొలి తెలుగు పుస్తకాలుగా చెబుతారు.

1805లో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే పండితుడి సాయంతో సువార్తల అనువాదం సాగింది. ఇద్దరు మిషనరీలూ కొద్ది ఏళ్లలోనే చనిపోయారు. పని మాత్రం ఆగలేదు. 19వ శతాబ్దం మధ్య నాటికి తెలుగులో పూర్తి బైబిలు సిద్ధమైంది. ఇలాంటి అనువాదాల్లో విదేశీయుల పేర్లు ముందు కనిపిస్తాయి. కానీ ఏ మాట తెలుగువాడి చెవికి ఆనుతుందో చెప్పగలిగింది పక్కన కూర్చున్న పండితులే.

అయితే పుస్తకం చదవడానికి చదువు రావాలి కదా! ఆ రోజుల్లో చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. ఇక్కడ పాట చేసిన పని పుస్తకం చేయలేకపోయింది. 1803లో పుట్టి 1890 దాకా జీవించిన పురుషోత్తమ చౌదరి తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో అగ్రగణ్యుడు. ఆయన పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించలేదు. మన రాగతాళాల్లో కీర్తనలు కట్టాడు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి కనిపిస్తాయి. అక్షరం రాని అవ్వ కూడా పాట నేర్చుకుంటే అందులోని బోధ మొత్తం ఆమెకు కంఠస్థమయ్యేది.

1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన తిరునెల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని పనిచేశాడు. చదువురాని పల్లెవాసులకు పాటలు, కథలు, నాటకాల ద్వారా బోధించే పద్ధతిని ప్రోత్సహించాడు. నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న దోర్నకల్ కెథీడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, మినార్లు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు అందులో కలిసి ఉంటాయి. వీలైతే వెళ్లి చూడండి. రాతితో చేసిన అనువాదం అంటే ఏమిటో తెలుస్తుంది.

పండిత సంస్కృతం వదిలిన పండిత

ఎవరికి అర్థం కావాలి అన్న ప్రశ్నను అందరికంటే సూటిగా అడిగిన వ్యక్తి నా దృష్టిలో పండిత రమాబాయి. 1858లో పుట్టిన ఆమెకు చిన్ననాడే తల్లిదండ్రులు సంస్కృతం నేర్పారు. 1878లో కలకత్తా పండితులు పరీక్షించి ఆమెకు 'పండిత', 'సరస్వతి' అన్న బిరుదులిచ్చారు. తరువాత ఆమె క్రైస్తవం స్వీకరించి, పుణె దగ్గరి కేడగావ్‌లో ముక్తి మిషన్ స్థాపించింది. అక్కడ వితంతువులు, కరువు బాధితులైన స్త్రీలు, పిల్లలు ఆశ్రయం పొందారు.

అప్పటికే మరాఠీలో బైబిలు ఉంది. కానీ తన దగ్గరున్న ఆడవాళ్లకు అందులోని సంస్కృత పదాలు అర్థం కావని ఆమె గమనించింది. ఆ పదాల వెనుక వేరే శాస్త్రాల భావాలు ఉన్నాయన్నది ఆమె మరో అభ్యంతరం. దాంతో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, మొత్తం బైబిలును తేలిక మరాఠీలోకి తానే అనువదించింది. 1922లో చనిపోయేలోగా ఆ పని ముగించింది. ఆశ్రమంలోని ముద్రణాలయంలోనే అది పుస్తకంగా వెలువడింది. సంస్కృతంలో బిరుదులు పొందిన మనిషి, చదువుకోని స్త్రీ కోసం ఆ సంస్కృతాన్నే పక్కన పెట్టింది. ఆ అనువాదం మహారాష్ట్ర చర్చిల్లో పాత బైబిలు స్థానాన్ని తీసుకోలేదు. అయినా అది వేసిన ప్రశ్న నిలిచిపోయింది.

మాట నుంచి సంజ్ఞ దాకా

ఆరాధనలో మాటలు మాత్రమే ఉండవు. ఎలా కూర్చుంటారు, ఎలా నమస్కరిస్తారు, ఏ దీపం వెలిగిస్తారు అన్నవి కూడా భాషే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు అందులో ఒక్కటయ్యారు. 1950లో ఆ సంఘం రూపొందించిన ప్రభు భోజన ఆరాధన క్రమంలో ఒక చిన్న సంజ్ఞను చేర్చారు. కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న పద్ధతిలో, శాంతిని ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకోవడం. వేర్వేరు కులాలు, వేర్వేరు మిషన్ల నుంచి వచ్చినవారు పక్కవారి చేతిని తాకాలి. ఎన్ని ప్రసంగాలు చేస్తే ఆ సంగతి అంత బాగా తెలుస్తుంది?

కథోలిక సంఘంలో పెద్ద మార్పు రెండో వాటికన్ మహాసభతో వచ్చింది. 1962 అక్టోబరు 11న మొదలైన ఆ సభ, 1963 డిసెంబరు 4న ఆరాధనపై తొలి పత్రాన్ని ఆమోదించింది. అనుకూలంగా 2,147 ఓట్లు, వ్యతిరేకంగా 4 ఓట్లు వచ్చాయి. ప్రజలు ప్రేక్షకుల్లా చూస్తూ ఉండకుండా, తెలిసి పాల్గొనాలన్నది దాని సారాంశం. పత్రం లాటిన్‌ను రద్దు చేయలేదు, ప్రజల భాషకు తలుపు తెరిచింది. కొద్ది ఏళ్లలోనే ఆ తలుపు గుండా ప్రపంచమంతా బయటికి వచ్చేసింది.

భారతదేశంలో ఈ పనికి 1967లో బెంగుళూరులో ఒక జాతీయ కేంద్రం వెలిసింది. దాని తొలి సంచాలకుడు డి. ఎస్. అమలోర్పవదాస్. 1969 ఏప్రిల్‌లో భారత బిషప్పులు కోరిన పన్నెండు మార్పులకు రోము అనుమతి ఇచ్చింది. చెప్పులు విడిచి నేలమీద కూర్చోవడం, మోకాలు వంచడానికి బదులు అంజలి ఘటించడం, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తులకు బదులు నూనె దీపాలు, హారతి, శాలువా వంటి అంగవస్త్రం వాటిలో కొన్ని. భారతీయుడు ఇంట్లో గౌరవాన్ని ఎలా చూపుతాడో చర్చిలోనూ అలాగే చూపాలన్నది ఆలోచన.

ఎవరి భారతీయత?

విమర్శలు మూడు వైపుల నుంచి వచ్చాయి. సొంత విశ్వాసుల్లో కొందరు, ఇది తమను హిందువులుగా మార్చడమేనన్నారు. హిందువుల్లో కొందరు, తమ చిహ్నాలను మత ప్రచారానికి వాడుకుంటున్నారని అభ్యంతరం చెప్పారు. 1975లో రోము కూడా, భారతీయ పద్ధతిలో రాసిన ప్రధాన ప్రార్థనను, ఆరాధనలో ఇతర మత గ్రంథాల పఠనాన్ని ఆపమంది.

మూడో విమర్శ మరింత లోతైనది. 1980ల నుంచి అరవింద్ నిర్మల్ వంటి దళిత క్రైస్తవ పండితులు దాన్ని వినిపించారు. భారతీయ క్రైస్తవుల్లో దళితుల సంఖ్య చాలా ఎక్కువ. తెలుగునాట 1878 జూలైలో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒక్క రోజున బాప్తిస్మం పొందిన 2,222 మందిలో అత్యధికులు మాదిగలు. గుడి గడప తొక్కనివ్వని కుటుంబంలో పుట్టిన మనిషి ముందు హారతి, సంస్కృత మంత్రం పెట్టి, ఇదే నీ సంస్కృతి అంటే అతనికి ఏం అర్థమవుతుంది? అతని డప్పు ఎక్కడుంది? పొలంలో పాడే పాట ఎక్కడుంది? అనువదించేవారు 'భారతీయం' అనుకున్నది దేశంలో ఒక భాగానికి చెందినది మాత్రమేనని ఈ విమర్శ ఎత్తి చూపింది. కార్న్‌వాల్ రైతు ఇంగ్లీషు గురించి అన్న మాటా ఇదే.

నేటి సంగతి

ఈ చర్చ ముగిసిపోయిందని అనుకోకండి. అనువాదం లాటిన్ మూలానికి మరింత దగ్గరగా ఉండాలని 2001లో రోము కొత్త నియమాలు పెట్టింది. ఆ ప్రకారం 2011లో వచ్చిన ఇంగ్లీషు ప్రార్థనలు గంభీరంగా ఉన్నాయని కొందరు మెచ్చుకుంటే, నోరు తిరగడం లేదని కొందరు విసుక్కున్నారు. 2017లో పోపు ఫ్రాన్సిస్ అనువాద బాధ్యతలో ఎక్కువ భాగాన్ని స్థానిక బిషప్పులకు తిరిగి అప్పగించాడు. పాత లాటిన్ ఆరాధనకు 2007లో పదహారో బెనెడిక్ట్ వెసులుబాటు ఇచ్చాడు, 2021లో ఫ్రాన్సిస్ దాన్ని తగ్గించాడు. ఆరాధనలో గురువు ప్రజల వైపు తిరగాలా, బలిపీఠం వైపు తిరగాలా అన్న విషయం మీద కేరళలోని సిరో మలబార్ సంఘంలో 2021 తరువాత తీవ్రమైన నిరసనలు జరిగాయి.

మన తెలుగు సంగతీ చూడండి. 'ము' అంతాలతో, 'చున్నాడు' క్రియలతో సాగే పాత బైబిలు భాష ఇప్పటి కాలేజీ విద్యార్థికి కష్టం. తేలిక తెలుగు అనువాదాలు వచ్చాయి. అయినా చాలా ఇళ్లలో పెద్దలు పాతదాన్నే చదువుతారు. అందులోని కొన్ని మాటల అర్థం వారికీ తెలియకపోవచ్చు. కానీ తల్లి చావు రోజున విన్న వాక్యం ఆ ధ్వనితోనే గుర్తుంటుంది. దాన్ని మార్చితే అర్థం పెరిగి జ్ఞాపకం తరిగినట్లు అనిపిస్తుంది. ఇది మొండితనమని కొట్టిపారేయవద్దు. ఇంకోవైపు విదేశాల్లోని తెలుగు సంఘాల్లో తల్లిదండ్రులు తెలుగులో పాడుతుంటే, తెలుగు లిపి రాని పిల్లలు పక్కన నిలబడి ఉంటారు. వారికి ఏది ప్రజల భాష? చెవులు వినపడని విశ్వాసికి ఎంత తేలిక తెలుగైనా ఉపయోగం ఏముంది? అతనికి కావలసింది సంజ్ఞల భాష.

చరిత్ర ఏం చెబుతోంది?

ఇంత దూరం నడిచాక మనకు మూడు విషయాలు తేలుతున్నాయి. ఏ అనువాదమూ శాశ్వతం కాదు. వాడుక భాషగా వచ్చిన లాటిన్ ఎలా దూరమైందో, మన పాత తెలుగు అలాగే దూరమవుతోంది. భాష ఒక్కటే మారితే చాలదు, పాట, సంజ్ఞ, కూర్చునే చోటు కూడా మాట్లాడతాయి. అన్నిటికంటే ముఖ్యం, 'నేటి మనిషి' అని ఒకే మనిషి ఎక్కడా లేడు. నోబిలి చూసిన మనిషి వేరు, రమాబాయి చూసిన మనిషి వేరు. ఎవరిని ఎదురుగా పెట్టుకుని మాటను ఎంచుకున్నామో, ఎవరు పక్కకు తప్పుకోవలసి వచ్చిందో అడగడమే ఈ చరిత్రను చదివే పద్ధతి.

నా సబ్జెక్టుకూ ఇది వర్తిస్తుంది. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులవుతారు, డాక్టర్లవుతారు, చట్టాలు రాసే ఉద్యోగులవుతారు. మీ మాట వినేవారు తల ఊపితే అర్థమైందని అనుకోకండి. వారి మాటల్లో తిరిగి చెప్పమని అడగండి. జేవియర్ కాలంలో ఎవరైనా ఆ పని చేసి ఉంటే 'నాకు కావాలి' అన్న మాట మొదటి రోజే దొరికిపోయేది.

ఆలోచించండి

1. మీ ఊళ్లోని ఏదైనా ప్రార్థనాలయంలో, మతం ఏదైనా సరే, వినిపించే పరాయి భాషా పదాలు ఐదింటిని సేకరించండి. అవి మూడు దారుల్లో ఏ దారిన వచ్చాయో గుర్తించండి.

2. మీ ఇంట్లో పెద్దవారిని ఒకరిని అడగండి: అర్థం పూర్తిగా తెలియకపోయినా వారికి ఇష్టమైన శ్లోకం, కీర్తన లేదా దువా ఏది? దాన్ని తేలిక తెలుగులోకి మార్చితే వారు ఏమంటారు?

3. మీ పాఠ్యపుస్తకంలోని ఒక పేరాను చదువురాని కూలీకి అర్థమయ్యేలా తిరగరాయండి. ఏ మాటను వదిలేశారో, ఎందుకు వదిలేశారో పక్కన రాసుకోండి.